ఆకు వెనక ఎర్ర మరక

అబిగయీలుకు ఆ ఉదయం కావలసింది ఒకే ఒక్క ఆకు. మడచెట్టు ఆకు, అదీ ఉప్పు కక్కిన ఆకు.

ముత్తుకూరు అవతల ఉప్పుటేటి ఒడ్డున పెరిగే మడచెట్లు ఉప్పునీళ్ళు తాగే బతుకుతాయి. తాగిన ఉప్పును ఒంట్లో దాచుకోలేక ఆకుల మీదికి సన్నటి పలుకులుగా నెట్టేస్తాయి. రాత్రి మంచుకు ఆ పలుకులు కరిగిపోతాయి, ఎండెక్కి ఆకు ఆరాక మళ్ళీ పుడతాయి. అవి పుట్టాక, ఎండ తీక్షణం కాకముందు, కాసేపు మాత్రం పక్కనుంచి పడే వెలుతురులో ఒక్కొక్క పలుకూ పటికబెల్లం ముక్కలా మెరుస్తుంది. ఆ కాసేపటి కోసమే ఆమె నెల్లూరులో తెల్లవారకముందే బయలుదేరి వచ్చింది.

ఆమె అక్కడ ఒక డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతుంది. తీరం మొక్కల మీద ఒక బొమ్మల పుస్తకం తేవాలని పట్టుదల. మొదట్లో తీసిన ఫోటోలు చూసి ఆమె భర్త రాజ్ కుమార్, "ఇది ఆకా, ఉతికి ఆరేసిన గుడ్డా?" అని అడిగాడు. అతనిది ప్రింటింగ్ ప్రెస్సు. అచ్చులో ఏది నిలుస్తుందో, ఏది నిలవదో అతనికి తెలుసు కాబట్టి ఆమెకు కోపం కూడా రాలేదు. నడి ఎండలో తీస్తే పూరేకులు సున్నం కొట్టినట్టు పాలిపోయేవి. కెమెరా నెత్తిమీది ఫ్లాషు వేస్తే ఆకు అద్దంలా తళుక్కుమని, నరాలన్నీ మాయమయ్యేవి. చేత్తో పట్టుకుని తీస్తే గాలికి ఆకూ, ఊపిరికి చెయ్యీ కదిలేవి.

ఒక్కొక్కటే దారికి తెచ్చుకుంది. ఫ్లాషును కెమెరా మీదనుంచి దించి, తీగ తగిలించి, ఆకుకు పక్కగా కింద పెట్టడం నేర్చుకుంది. దానికీ ఆకుకూ మధ్య పాత తెల్లగొడుగు గుడ్డ అడ్డం పెడితే వెలుగు మెత్తబడుతుంది. నీడపడిన వైపు బిరియానీ పొట్లం లోపలి వెండి కాగితం పట్టుకుంటే అక్కడికీ కొంచెం వెలుగు పాకుతుంది. గాలి ఉన్న రోజు షట్టర్ వేగం పెంచాలి. అన్నిటికన్నా చిక్కు లెన్సు లోపలి రంధ్రంతో. దాన్ని పెద్దదిగా తెరిస్తే ఆకు అంచు ఒక్కటే స్పష్టంగా వచ్చి, మిగతాదంతా వెన్నలా కరిగిపోతుంది. చిన్నది చేస్తే ఆకు మొదలునుంచి కొసదాకా తేటగా వస్తుంది. కానీ వెనక ఉన్న కొమ్మలూ, చెత్తా కూడా రూపు తెచ్చుకుని బొమ్మలోకి చొరబడతాయి. ఏది మంచిదో అక్కడికక్కడ తేలదు. అందుకే ఆమె ప్రతి ఆకునూ కదల్చకుండా రంధ్రం బాగా తెరుచుకునే నాలుగు అంకె దగ్గర ఒకటి, ఎనిమిది దగ్గర ఒకటి, బాగా చిన్నదయ్యే పదహారు దగ్గర ఒకటి తీసి, పక్కపక్కన పెట్టి చూసుకునేది.

రేవు దగ్గర హజరత్తయ్య పడవలోంచి నీళ్ళు తోడిపోస్తున్నాడు. ఏట్లో పీతలు పట్టుకునే మనిషి, ఏడాదిగా ఆమెను మడల్లోకి తీసుకుపోతున్నాడు. పడవ ఎక్కబోతుండగా గట్టుమీద ఒక మోటారు సైకిలు ఆగింది. తెల్లచొక్కా మనిషి దిగి, చెప్పులు విడిచి, కాళ్ళకు బురద అంటకుండా చూసుకుంటూ వచ్చాడు. ఆయన గంగులయ్య. ఏటి పొడుగునా ఉన్న రొయ్యల గుంటల్లో సగానికి పైగా ఆయనవే.

"మేడమ్ గారూ, మళ్ళీ ఫోటోలకేనా?" అన్నాడు నవ్వుతూ.

"అవునండీ. ఆకుల ఫోటోలు."

"ఆకులు ఈడ గూడా ఉండాయి గదమ్మా. లోపలికెందుకు? తూర్పు మడల్లో అడుసు మంచిది గాదు. మనిషి దిగబడితే అరిచినా వినపడదు." అప్పుడు కూడా ఆ నవ్వు చెదరలేదు. "హజరత్తయ్యా, చూసి తీసుకుపో. ఆడమనిషి."

హజరత్తయ్య తలెత్తకుండా తాడు విప్పాడు. పడవ ఏటి మలుపు తిరిగింది. దూరంగా కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు మంచులో తేలుతున్నాయి.

"ఆయన ఎందుకట్టా చెప్పాడన్నా?" అని ఆమె అడిగింది.

"చెట్లు కొడతా ఉండారమ్మా, తూర్పున. కొత్త గుంటలకి. కెమెరా అంటే వాళ్ళకి బయం." తెడ్డు వేస్తూ గట్టువైపు ఒకసారి చూశాడు. "మీరు ఆకులు తీసుకోండి. ఇంకేమీ తీయబాకండి."

కానీ తూర్పు మడల్లో దిగేటప్పటికే కళ్ళకు కనపడింది. నరికేసిన మొదళ్ళు, ఇంకా పచ్చి ఆరని కొత్త మట్టికట్ట, కట్ట పక్కన మూలుగుతున్నట్టు ఒరిగి నిలబడ్డ పొక్లెయినరు. మొక్క ఎక్కడ ఉందో గుర్తుకోసం చుట్టుపక్కల ఫోటో తీసుకోవడం ఆమెకు అలవాటు. అలవాటుగానే నాలుగైదు తీసింది. హజరత్తయ్య అది చూసి తల తిప్పుకున్నాడు. పీతల వలలు ఎత్తి, పోటు ఎక్కకముందే వస్తానని చెప్పి పడవ తిప్పుకున్నాడు. ఫోను తడుస్తుందని ఆమె దాన్ని అన్నం సంచిలో పెట్టి పడవలోనే వదిలింది.

తెడ్డు చప్పుడు తగ్గిపోయాక మడల్లో ఒక విధమైన నిశ్శబ్దం పరుచుకుంది. అది పూర్తి నిశ్శబ్దం కాదు. అడుసులో బుడగలు పగిలే చప్పుడు, ఎండ్రకాయలు కొరికే చప్పుడు, ఎక్కడో దూరంగా గుంటల్లో రొయ్యలకు గాలి అందించే గాలిచక్రాలు నీళ్ళను కొట్టే చప్పుడు కలిసి ఒకటే గుసగుస.

ప్లాస్టిక్ పట్ట పరిచి, బోర్లా పడుకుని, స్టాండు కాళ్ళు పూర్తిగా విప్పి కెమెరాను నేలకు ఆనించినంత కిందికి దించింది. ఆమె వెతికిన ఆకు దొరికింది. పలుకులు అప్పుడే గట్టిపడుతున్నాయి. గొడుగు గుడ్డ కొమ్మకు చుట్టి, వెండి కాగితం మట్టిలో గుచ్చి, ఫ్లాషు అటూ ఇటూ జరిపి, ఊపిరి బిగబట్టి మొదటి మూడూ తీసింది. తెరమీద చూసుకుంది. ఉప్పు అద్భుతంగా వచ్చింది. ఒక్కొక్క పలుకుకూ అంచులు, మూలలు, పక్కన చిన్న నీడ. ఇన్నాళ్ళకు కుదిరిందిరా అనుకుంది.

అప్పుడు కనపడింది వెనక మరక. పచ్చదనం మధ్య గోటితో అద్దినట్టు ఎర్రగా. ఏదో ప్లాస్టిక్ కవరు కొట్టుకొచ్చి కొమ్మకు తగులుకుందనుకుంది. బొమ్మను పాడుచేస్తోందని కెమెరాను జానెడు పక్కకు జరిపి మళ్ళీ మూడు తీసింది.

మరక ఇంకా ఉంది. ఉండటమే కాదు, పెద్దదైంది.

తల ఎత్తి చూసింది. ఆకులు, కొమ్మలు, కొమ్మల వెనక కొమ్మలు. ఎరుపు ఎక్కడా లేదు. మళ్ళీ బోర్లా పడుకుంటే, ఆకుల కిందుగా నేలను ఆనుకుని ఉన్న ఆ సన్నటి సందులోంచే ఎరుపు కనపడుతోంది. తెరమీద మూడు ఫోటోలూ వరసగా తిప్పింది. నాలుగు దగ్గర తీసిన దానిలో అది ఉత్త మరక. ఎనిమిది దగ్గరికి వచ్చేసరికి నిలువుగా సాగింది. పదహారు దగ్గర దానికి భుజాలున్నాయి.



ఎందుకు చేసిందో తర్వాత ఎన్నిసార్లు ఆలోచించుకున్నా ఆమెకు తెలియలేదు. లేచి పరుగెత్తకుండా, కన్ను కెమెరాకు ఆనించి ఫోకస్ రింగును మెల్లగా తిప్పింది. ఉప్పు పలుకులు కరిగిపోయాయి. ఆకు పచ్చటి పొగ అయింది. ఆ పొగ వెనకనుంచి, పైకి పొడుచుకొచ్చిన వేర్ల మధ్య గొంతుకూర్చుని ఉన్న ఒక మనిషి తేటపడ్డాడు. ఎర్రచొక్కా, చేతిలో మచ్చుకత్తి. అతను సూటిగా ఆమె కంట్లోకే చూస్తున్నాడు.

వేలు దానంతటదే నొక్కుకుంది. ఫ్లాషు తళుక్కుమంది.

మనిషి లేచాడు.

అబిగయీలు కెమెరాను స్టాండునుంచి ఊడలాగి మెడలో వేసుకుని, స్టాండు చేత పట్టుకుని, పట్టా గుడ్డా అక్కడే వదిలి పరుగందుకుంది. మడల్లో పరుగంటే పరుగు కాదు. ఒక అడుగు మోకాలిదాకా దిగబడితే ఇంకో అడుగు వేరు మీద జారుతుంది. వెనక చప్పుడు వినపడుతోందా, తన అడుగులేనా తెలియడం లేదు. ఒకచోట కాలు మెలికపడి ముందుకు పడబోయి, అందిన కొమ్మను పట్టుకుంది. కొమ్మ ఫటుక్కున విరిగింది. లేచింది. నుదుటినుంచి కారిన చెమట కళ్ళలోకి దిగుతుంటే అరచేత్తో రెండు కళ్ళూ తుడుచుకుంది.

తుడుచుకున్నాక చూసింది చేతివంక. అరచెయ్యంతా పాలు.

తిల్ల చెట్టు. విరిస్తే పాలు కారుతాయి, ఆ పాలు కంట్లో పడితే చూపు పోతుంది. ప్రతి ఏడూ పిల్లలను ఇక్కడికి తీసుకొచ్చి, ఇదే చెట్టు ముందు నిలబెట్టి, ముట్టుకోవద్దని చెప్పేది తనే.

మొదట మంట. కారం కాదు, నిప్పు. కొళాయి తిప్పినట్టు నీళ్ళు కారాయి. కొంచెం సేపటికే రెప్పలు ఉబ్బి మూసుకుపోయాయి. వేళ్ళతో బలవంతంగా విప్పితే లోపలికి వచ్చింది పాలవంటి తెలుపు. అందులో చెట్టు లేదు, నేల లేదు, ఆకాశం లేదు.

"హజరత్తయ్యా," అని అరిచింది. గొంతు తనది కానట్టు వినపడింది. ఏరు ఎటుందో తెలియలేదు. చేత్తో తడిమితే అన్ని వైపులా ఒకటే వేర్లు. స్టాండును కర్రలా పట్టుకుని నిలబడింది. కదిలితే ఎక్కడ దిగబడతానోనని భయం, కదలకపోతే... అప్పుడే తెలిసింది, చీలమండ చుట్టూ చల్లగా నీళ్ళు తిరుగుతున్నాయి. పోటు ఎక్కుతోంది.

వెనకనుంచి బురదలో అడుగు పడింది. ఆగింది. ఇంకొకటి పడింది.

"ఎవరు?" అంది.

చాలా దగ్గరలో ఊపిరి వినపడుతోంది. ఇనుము కొమ్మకు తగిలి టక్కుమంది. అడుసులో దిగబడితే అరిచినా వినపడదన్న గంగులయ్య మాట ఆమెకు చెవిలో ఎవరో చెబుతున్నంత స్పష్టంగా గుర్తొచ్చింది. స్టాండును రెండు చేతులతో ఎత్తి గాలిలో తిప్పింది. అది దేనికీ తగల్లేదు. ప్రార్థన చేద్దామంటే మాటలు రావడం లేదు. ప్రభువా, ప్రభువా అన్నదొక్కటే నాలుక మీద తిరుగుతోంది. కూతుర్ని స్కూలునుంచి ఎవరు తీసుకొస్తారనే పిచ్చి ఆలోచన ఒకటి.

"కళ్ళు నలపబాకండి," అన్నాడా మనిషి.

గొంతు బొంగురుగా, తగ్గించి ఉంది. ఆమె వెనక్కి ఒక అడుగు వేసి వేరు తట్టుకుని కూలబడింది. నీళ్ళు నడుముదాకా తగిలాయి. మెడలో కెమెరా పట్టీని ఎవరో పట్టుకున్నారు. అంతే, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి కొట్టింది, గీరింది, కొరకబోయింది. ఆ చెయ్యి వెనక్కి పోలేదు, తిరిగి కొట్టనూ లేదు. పట్టీని భుజం మీదుగా తిప్పి కెమెరాను వీపు మీదికి చేర్చింది. నీళ్ళకు అందకుండా.

తర్వాత సీసా మూత తిప్పిన చప్పుడు. గడ్డం పట్టి తల పైకెత్తి, ముఖం మీద నీళ్ళు పోశాడు. మంచినీళ్ళు. ఒక కన్ను, మళ్ళీ ఇంకో కన్ను. సీసా అయిపోయేదాకా పోశాడు. మంట చల్లారలేదు కానీ ఊపిరి ఆడింది.

"నువ్వెవరు?" అని మళ్ళీ అడిగింది.

అతను ఆమె చేతిలోని స్టాండు రెండో కొస పట్టుకుని లాగాడు, రమ్మన్నట్టు. ఆమె లేచింది. వెళ్ళడం తప్ప ఇంకేం చేయాలో తెలియలేదు. అతను ముందు, ఆమె వెనక, మధ్య ఆ ఇనుప కర్ర. వేరు అడ్డం వచ్చినచోట అతను ఆగి, కర్రను రెండుసార్లు కిందికి తట్టేవాడు. లోతున్నచోట నెమ్మదించేవాడు. నీళ్ళు మోకాలు దాటాయి. ఒకచోట తొడలదాకా వచ్చాయి.

అప్పుడు వినపడింది గాలిచక్రాల చప్పుడు. ఇందాక దూరంగా ఉన్నది దగ్గరవుతోంది. అడుగు అడుగుకూ పెరుగుతోంది.

అబిగయీలు ఆగిపోయింది. ఏరు అటు కాదు. ఇతను తనను గుంటల వైపు తీసుకుపోతున్నాడు. గంగులయ్య మనుషుల దగ్గరికి. కెమెరాలో ఏముందో వాళ్ళకు తెలుసు. తనకు కళ్ళు లేవు. ఇక్కడ ఏం జరిగినా, ఆమెకు చెప్పినాము అడుసు మంచిది కాదని అంటారు, అంతే.

"నేను రాను," అంది. "పడవ దగ్గరికి తీసుకుపో."

"ఆడ నీళ్ళు ముంచేసినాయి."

"హజరత్తయ్య వస్తాడు. నేను ఇక్కడే ఉంటా."

"ఈడ ఉంటే ఆయనొచ్చేసరికి మీరుండరు," అన్నాడు. అందులో బెదిరింపు ఉందేమోనని ఆమె వెతికింది. దొరికింది వణుకు. "కట్ట ఎక్కాల. ఇంకో దారి లేదు. ఎవురూ లేరు ఇప్పుడు, టీ తాగేదానికి పోయినారు. బిరీన రాండి."

నీళ్ళు తొడమీద మెల్లగా పాకుతున్నాయి. నమ్మాలో వద్దో తేల్చుకోవడానికి ఆ మనిషి ముఖం కూడా ఆమెకు కనపడటం లేదు. వేర్ల మధ్య గొంతుకూర్చుని ఉన్న ఎర్రచొక్కా, మచ్చుకత్తి, ఆ చూపు. అంతే. ఆమె కర్ర వదలలేదు. అడుగు వేసింది.

కట్ట మీది మెత్తటి కొత్తమట్టి కాళ్ళకు తగిలింది. అతను ఆమెను ఒకచోట కూర్చోబెట్టి, కర్ర వదిలాడు. పోతూ పోతూ చాలా దగ్గరగా వంగినట్టున్నాడు, చెమటా బీడీ కలిసిన వాసన తగిలింది.

"ఎవురు తెచ్చినారంటే చెప్పబాకండి. నా పని పోతే పోయింది. ఆయన ఊరకే ఉండడు."

అడుగులు దూరమయ్యాయి. ఆమె మోకాళ్ళు కౌగిలించుకుని ఆ తెల్లటి చీకట్లో కూర్చుంది. గాలిచక్రాలు తిరుగుతూనే ఉన్నాయి. ఎవరో ఒకరు వస్తారు, హజరత్తయ్యో, వాళ్ళో. ఎవరు ముందు వస్తారన్నదే మిగిలింది.

హజరత్తయ్య ముందు వచ్చాడు. దించినచోట నీళ్ళ మీద తేలుతున్న పట్టను చూసి, మనిషి పోయిందనుకున్నాడట. ఏడుస్తూ కేకలు వేసుకుంటూ ఏటి పొడుగునా తిరిగి, కట్ట మీద ఆమె ఆకారం చూసి పడవను అలాగే వదిలేసి నీళ్ళలోకి దూకాడు. వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఈడికెట్ట వచ్చినారమ్మా?" అని అడిగాడు.

"తడుముకుంటా వచ్చానన్నా," అంది.

నెల్లూరు కంటి ఆసుపత్రిలో రెండు కళ్ళకూ కట్లు కట్టారు. కంటిపొర మీద పుండ్లు పడ్డాయని, మానతాయని డాక్టరు చెప్పాడు. ఎంతవరకు మానతాయో అప్పుడే చెప్పలేనన్నాడు. ఆ మాట తర్వాత అబిగయీలుకు నిద్ర రాలేదు. పగలూ రాత్రీ ఒకటే అయిన ఆ మంచం మీద పడుకుని, ఒక్కొక్క ఆకునూ గుర్తు తెచ్చుకుని, దాని అంచు ఎలా ఉంటుంది, నరాలు ఎటు పోతాయి అని తనకు తానే అప్పజెప్పుకునేది. మధ్యలో ఏదైనా మరుపు తగిలితే మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టేది.

రాజ్ కుమార్ కెమెరా బురద తుడిచి ఆరబెట్టాడు. ఒక సాయంత్రం పక్కన కూర్చుని ఫోటోలు చూస్తూ ఉన్నట్టుండి ఆగిపోయాడు.

"ఇందులో ఒక మనిషున్నాడు."

"ముఖం తెలుస్తోందా?"

"తెలుస్తోంది. కత్తి పట్టుకుని ఉన్నాడు. ఇది ఫారెస్టు వాళ్ళకు ఇవ్వాల."

"ఎలా ఉన్నాడు, చెప్పండి."

అతను చాలాసేపు చూశాడు. "ముప్పై ఏళ్ళు ఉంటాయేమో. బక్కమనిషి." బొమ్మను పెద్దది చేసి, "జడుసుకుని ఉన్నాడు అబిగయీలూ. నిన్ను చూసి జడుసుకున్నట్టున్నాడు," అన్నాడు.

ఆమె ఏదో అనబోయేంతలో తలుపు చప్పుడైంది. ఎవరో కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చున్నారు. బత్తాయిల వాసన వచ్చింది.

"ఏమ్మా, ఎట్టుండారు? నేను గంగులయ్యని."

రాజ్ కుమార్ చేతిలో కెమెరా ఉంది. అది ఆయనకు కనపడుతోందా, లేదా? తెర వెలుగుతోందా, ఆర్పేశాడా? ఆమెకు తెలిసే దారి లేదు. కట్ల కింద కళ్ళు మండాయి.

"చెప్తినే తల్లీ, లోపలికి పోవద్దని," అన్నాడాయన మెత్తగా. "దేవుడు చల్లగా చూసినాడు. అది సరే, అంత పోట్లో, కళ్ళు లేకుండా కట్ట మీదికి ఎట్ట చేరినారు? ఎవురన్నా సాయం చేసినారా? ఆ పుణ్యాత్ముడికి నేను ఏదన్నా చేయాల గదా, అందుకని అడిగినా."

ఆయన ఊరకే ఉండడన్న మాట ఆమెకు గుర్తొచ్చింది.

"ఎవరూ లేరండీ. స్టాండు పొడుచుకుంటూ నేనే వచ్చాను. గాలిచక్రాల చప్పుడు వింటూ వచ్చాను."

"చప్పుడు వింటా." ఆ మాటను నోట్లో నములుతున్నట్టు అన్నాడు. "ఫోటోలు?"

"కెమెరా నీళ్ళలో పడింది కదండీ," అన్నాడు రాజ్ కుమార్. అతని గొంతు మామూలుగా ఉంది. మామూలుగా ఉంచడానికి ఎంత కష్టపడుతున్నాడో ఆమెకు మాత్రమే తెలిసింది. "ఏమీ మిగల్లేదు. అదే తుడుస్తున్నా."

కుర్చీ కిర్రుమంది. లేచాడా, ముందుకు వంగాడా తెలియలేదు. ఊపిరి తీయడం కూడా మానేసి వింది.

"పోతే పోయినాయిలే. ఆకులే గదా," అన్నాడు. అడుగులు తలుపుదాకా వెళ్ళాయి. వరండాలో చెప్పుల చప్పుడు మెట్లు దిగిపోయింది. ఆ తర్వాత రాజ్ కుమార్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అతని అరచెయ్యి తడిగా ఉంది.

కట్లు విప్పిన రోజు మొదట కనపడింది కిటికీ. తర్వాత భర్త ముఖం. కుడికన్ను తేటపడింది. ఎడమ కంట్లో సన్నటి మసక మిగిలింది, అది పోదన్నారు. ఇంటికి వచ్చాక ఆమె చేసిన మొదటి పని ఆ ఫోటో చూడటం. రాజ్ కుమార్ చెప్పింది నిజమే. పొగలాంటి పచ్చదనం వెనక ఆ మనిషి కళ్ళు వేటగాడివి కావు, పట్టుబడినవాడివి. నేల మీద బోర్లా పడుకుని తనవైపే ఒక గాజుకన్ను ఎక్కుపెట్టిన మనిషిని చూసి, అతను అక్కడే గడ్డకట్టుకుపోయాడు.

ఇది బయటపడితే కేసు ఇతని మీదికే పోతుంది. కొట్టించినవాడి పేరు ఎక్కడా ఉండదు. పైగా ఆరోజు ఎవరు అక్కడ ఉన్నారో గంగులయ్యకు తెలిసిపోతుంది. రాజ్ కుమార్ ఒకసారి, "ఆలోచించుకో," అన్నాడు. ఆమె ఆ ఫోటోనూ, ఎర్ర మరక ఉన్న వాటన్నిటినీ తుడిచేసింది. కుదిరిందిరా అనుకున్న ఉప్పు పలుకుల బొమ్మలు కూడా వాటితోనే పోయాయి. నరికిన మొదళ్ళు, కొత్తకట్ట, పొక్లెయినరు ఉన్న ఫోటోలు మాత్రం అటవీశాఖ వాళ్ళకు చేర్చింది, తన పేరుతోనే. పేరు లేకుండా ఇస్తే కాగితాల కింద పడి ఉంటాయని ఆమెకు తెలుసు. 

పొక్లెయినరును పట్టుకున్నారు. కట్ట తెంపారు, పోటునీళ్ళు మళ్ళీ మొదళ్ళ మధ్యకు వచ్చాయి. గంగులయ్య మీదికి ఏదీ రాలేదు. కట్ట ఎవరు వేయించారో అడిగితే ఊళ్ళో ఒక్కరూ తెలుసనలేదు. ఆ తర్వాత కొంతకాలం కాలేజీ గేటు దగ్గర ఏ మోటారు సైకిలు ఆగినా అబిగయీలు తరగతి గది కిటికీ పక్కనుంచి జరిగి నిలబడేది. రాత్రి తలుపు గొళ్ళెం రెండుసార్లు చూసుకునేది. ఏమీ జరగలేదు. జరగకపోవడం కూడా నమ్మబుద్ధి కాలేదు.

వానలు వెళ్ళి ఆకులు మళ్ళీ ఉప్పు కక్కే కాలానికి ఆమె రేవుకు వచ్చింది. రావద్దని రాజ్ కుమార్ అన్నాడు, అన్నాక ఫ్లాషు బ్యాటరీలు తనే సర్దిపెట్టాడు. హజరత్తయ్య ఆమెను చూసి చాలాసేపు తాడు విప్పలేదు.

"పోవాల్సిందేనా అమ్మా?"

"పోవాలన్నా."

ఏటి మధ్యకు వచ్చాక, చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని అడిగింది. "అన్నా, ఆరోజు నన్ను కట్ట మీదికి చేర్చిన మనిషి ఒకడున్నాడు. ఎర్రచొక్కా. ఎవరో తెలుసా? బాగున్నాడా?"

హజరత్తయ్య తెడ్డు ఆగింది. పడవ నీటివాలుకు కొంచెం పక్కకు తిరిగింది.

"నాకు తెలీదమ్మా," అన్నాడు. మళ్ళీ తెడ్డు వేస్తూ, నీళ్ళవంకే చూస్తూ, "మీరు గూడా తెలుసుకోబాకండి. ఎవుడో గానీ, ఇప్పుడు ఈ ఊళ్ళో లేడు. బతికే ఉండాడు. అంతవరకు చాలు," అన్నాడు.

మడల్లో దిగాక అతను ఆరోజు వలల కోసం పోలేదు. పడవను చెట్టుకు కట్టి వెంట వచ్చాడు. ఆమె పట్ట పరిచి బోర్లా పడుకుని, కుడికన్ను కెమెరాకు ఆనించింది. గాలి వీస్తోంది, గొడుగు గుడ్డ కొమ్మ మీద నిలవడం లేదు.

"ఇటియ్యండి, నేను పట్టుకుంటా," అన్నాడు హజరత్తయ్య.

తెల్లగుడ్డను చాచి పట్టుకుని, ఆమెకు వీపు పెట్టి, ముఖం చెట్ల వైపు తిప్పి గొంతుకూర్చున్నాడు. ఆమె ఆకు మీది ఉప్పును చూస్తూ ఉంటే, అతను మిగతా అంతా చూస్తూ ఉన్నాడు.